ఈ వారం ఎవరిని దింపాలి, ఎవరిని కూర్చోబెట్టాలి: ఎన్‌ఎఫ్‌ఎల్ ఫాంటసీ లైనప్

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఫాంటసీ అంటే అసలు ఆటగాళ్లతో మీ టీమ్ కట్టుకోవడం, మైదానంలో వాళ్ల ఆటను బట్టే మీకు పాయింట్లు. ఒక ఆటగాడు పోయిన వారం ఎన్ని పాయింట్లు కొట్టాడన్నది పక్కన పెట్టి, బంతి ఎన్నిసార్లు అతని వైపు వచ్చిందో చూడండి. సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది.

మీది పీపీఆర్ (పట్టిన ప్రతి పాసుకీ పాయింటిచ్చే) లీగ్ అనుకుందాం. క్యాచ్‌కి 1, పది యార్డులకు 1, టచ్‌డౌన్‌కి (బంతిని గోల్ లైన్ దాటిస్తే) 6. ఒక రిసీవర్‌కి (పాసులు పట్టేవాడికి) 4 టార్గెట్లు (అతని వైపు విసిరిన పాసులు) వస్తే 3 పట్టాడు, 45 యార్డులు, 2 టచ్‌డౌన్లు: 19.5 పాయింట్లు. ఇంకో రిసీవర్ 10 టార్గెట్లలో 5 పట్టి 48 యార్డులు చేశాడు: 9.8. వచ్చే వారానికి రెండో అతన్నే దింపండి. టచ్‌డౌన్లు వారం వారం రావు. పది టార్గెట్లు మాత్రం ఊరికే రావు, పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ అతన్నే వెతుక్కుంటున్నాడని అర్థం. ఒక్క మ్యాచ్‌తో ఆగకుండా చివరి మూడూ చూడండి.

రన్నింగ్ బ్యాక్ (బంతి చేతపట్టి పరిగెత్తేవాడు) విషయంలో క్యారీలు (బంతితో పరిగెత్తిన సార్లు), టార్గెట్లు కలిపి లెక్కేయండి. 15 దాటుతుంటే ఎదురుగా ఏ డిఫెన్స్ ఉన్నా దింపొచ్చు. 8 లోపే ఉంటే మీరు టచ్‌డౌన్ మీద ఆశ పెట్టుకున్నట్టే. గోల్ లైన్‌కి ఐదు యార్డుల్లోపు బంతి ఎవరి చేతికిస్తున్నారో కూడా చూసుకోండి. మైదానమంతా ఒకడు పరిగెత్తితే, చివరి యార్డుకి ఇంకొకడిని దింపే టీములున్నాయి.

ఇద్దరూ సమానంగా కనిపిస్తే బెటింగ్ లైన్ (పందేల సంస్థలు ఇచ్చే స్కోరు అంచనా) చూడండి. పందెం కాయనక్కర్లేదు, లెక్క చాలు. రెండు టీములూ కలిపి మొత్తం 48, ఫేవరెట్‌కి (గెలుస్తుందనుకునే టీమ్‌కి) 6 పాయింట్ల మొగ్గు అంటే, ఫేవరెట్ 27, ఎదుటి టీమ్ 21 కొడతాయని అంచనా. 27 వైపున్న ఆటగాడికే మొగ్గండి. వర్షానికి మరీ బెదిరిపోవద్దు. గాలి గంటకు 20 మైళ్లు దాటితేనే దూరం పాసులు, ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో తన్ని కొట్టే గోల్స్) దెబ్బతింటాయి. డెట్రాయిట్, మినియాపొలిస్ లాంటి పైకప్పున్న స్టేడియంలలో ఆ బాధే లేదు.

గాయాల రిపోర్ట్ చదవడమూ ఒక విద్యే. ఆదివారం మ్యాచ్‌లకు బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీసు వివరాలు వస్తాయి. సీనియర్ ఆటగాడు బుధవారం దిగకపోతే అది విశ్రాంతే కావచ్చు. శుక్రవారం దిగకపోతే మాత్రం వేరే మనిషిని సిద్ధం చేసుకోండి. ‘డౌట్‌ఫుల్’ అంటే లేనట్టే లెక్క. ‘క్వశ్చనబుల్’ అంటే మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు వచ్చే ఇనాక్టివ్స్ (ఆ రోజు ఆడనివాళ్ల) జాబితా దాకా ఆగాలి. ఈస్టర్న్ టైమ్ 1 గంట మ్యాచ్‌లకు అది ఉదయం 11:30, డాలస్‌లో ఉన్నవాళ్లకు 10:30. లండన్ మ్యాచ్ ఉన్న ఆదివారం ఇంకా పొద్దున్నే లేవాలి.

చేజేతులా పాయింట్లు పోగొట్టుకునేది ఎక్కువగా ఫ్లెక్స్ (రిసీవర్‌నైనా రన్నింగ్ బ్యాక్‌నైనా పెట్టగల స్థానం) దగ్గరే. గురువారం ఆడే రిసీవర్‌ని ఫ్లెక్స్‌లో పెడితే మ్యాచ్ మొదలవగానే ఆ స్థానం లాక్ అయిపోతుంది. ఆదివారం రాత్రి ఆడాల్సిన మీ రిసీవర్ చివరి నిమిషంలో తప్పుకుంటే అతని స్థానంలోకి మరో రిసీవరే రావాలి, బెంచ్ మీద మంచి రన్నింగ్ బ్యాక్ ఉన్నా పనికిరాడు. అందుకే ముందు ఆడేవాళ్లను వాళ్ల సొంత స్థానాల్లో, అందరికన్నా ఆలస్యంగా ఆడేవాణ్ని ఫ్లెక్స్‌లో పెట్టండి. ఆదివారం రాత్రి మ్యాచ్‌లో ‘క్వశ్చనబుల్’ ఉంటే, అదే మ్యాచ్‌లోనో సోమవారమో ఆడేవాడు ఒకడు బెంచ్ మీద ఉండి తీరాలి.

కిక్కర్ గురించి ఎక్కువ ఆలోచించకండి, 27 అంచనా ఉన్న టీమ్ కిక్కర్ చాలు. డిఫెన్స్ స్థానానికి (అక్కడ ఒక టీమ్ డిఫెన్స్‌నంతా తీసుకుంటారు) మాత్రం ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఎవరో చూడండి. సాక్‌లు (పాసు విసిరేలోపే పడగొట్టబడటం), ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ల చేతికి చిక్కే పాసులు) ఎక్కువ ఇచ్చేవాడైతే మామూలు డిఫెన్స్ కూడా పండుతుంది.

చివరగా ప్రత్యర్థి లైనప్ చూడండి. మీరు బలంగా ఉంటే, ప్రతి వారం 10 తెచ్చేవాణ్ని దింపండి. 25 పాయింట్లు వెనకబడేలా ఉంటే, 3 అయినా 25 అయినా కొట్టే లాంగ్ పాస్ రిసీవర్‌కి చోటివ్వండి. లీగ్‌లో ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాణ్ని మాత్రం ఎదుటి డిఫెన్స్ గట్టిదన్న ఒక్క కారణంతో కూర్చోబెట్టకండి.