చవక ట్యూబ్ మైక్‌లో బుస్ ఎలా తగ్గించానంటే

చవగ్గా కొన్న ట్యూబ్ కండెన్సర్ మైక్ (లోపల వాక్యూమ్ ట్యూబ్‌తో సిగ్నల్ పెంచే రికార్డింగ్ మైక్) ఆన్ చేస్తే చాలు, వెనకాల ఒకటే బుస్, మధ్యలో చిటపటలు. ముందు లోపలి 12ఏఎక్స్7 ట్యూబ్ తీసి, అదే సాకెట్‌లో సరిపోయే 12ఏవై7 పెట్టాను. దాని గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) తక్కువ కాబట్టి సౌండ్ కాస్త తగ్గింది, బుస్ అయితే బాగా తగ్గింది.

చిటపటలు మాత్రం పోలేదు. శబ్దాన్ని పట్టుకునే క్యాప్సూల్ నుంచి ట్యూబ్‌లో సిగ్నల్ అందుకునే గ్రిడ్‌కి వెళ్లే చోట వందల మెగాఓమ్‌ల రెసిస్టర్లుంటాయి. అక్కడ వేలి జిడ్డు, సోల్డరింగ్‌లో వాడే ఫ్లక్స్ మరక, తేమ ఏది ఉన్నా కరెంటు లీకవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెడితే సద్దుమణిగింది. దాదాపు ఖర్చులేని పనిని చివరికి పెట్టుకోవడం నాకలవాటు!

అవుట్‌పుట్ కపాసిటర్ కూడా అదే విలువున్న పాలీప్రొపైలిన్ రకానికి మార్చాను. తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు.

పవర్ సప్లైలో 100 వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా కపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు, అందుకే లేదని మల్టీమీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాను.