పెండ్లి కాకుండ బిడ్డ పుడితే ఇంటిపేరు ఎవరిది పెట్టాలె, పోషణ పైసలు ఎట్ల అడగాలె

మా వరంగల్ దిక్కు పెండ్లి కాని పిల్ల కడుపుతోని ఉన్నదంటే ముచ్చట ముందుగాల పోయేది పెద్దమనుషుల పంచాయితీకే. అక్కడ రెండు విషయాలు ఒకదాంట్లో ఒకటి కలిపేస్తరు, "పోరడు పేరియ్యనంటున్నడు, ఇంత ఇప్పిస్తం తీస్కో, ఇగ లొల్లి బంద్ చెయ్యి" అని. హన్మకొండ అదాలత్ దగ్గర పిటిషన్లు టైప్ చేసేటోణ్ణి, ఇట్ల తెగ్గొట్టిన బాండు పేపర్లు పట్టుకొని వచ్చేటోళ్లను చూస్తనే ఉంట. అందుకే మొదట్లనే చెప్తున్న, పేరు లెక్క వేరు, పైసల లెక్క వేరు. ఆయన ఇంటిపేరు పెట్టకున్నా బిడ్డకు ఖర్చులు అడిగే హక్కు ఎటూ పోదు, పెట్టినంత మాత్రాన బిడ్డను గుంజుకపోయే హక్కు ఆయనకు రాదు.

ముందు పుట్టుక రిజిస్ట్రేషన్ సంగతి చూస్కోండి, ఎందుకంటే దానికి టైం ఉంటది. మనం తొట్టెల 21వ రోజు పెట్టుకుంటం గదా, సర్కారు లెక్క కూడ 21 రోజులే. సీకేఎం లాంటి సర్కారు దవాఖాన అయినా ప్రైవేటుది అయినా రిపోర్టు వాళ్లే పంపుతరు, ఇంట్లో కాన్పు అయితే ఊర్ల పంచాయతీ సెక్రటరీకి, సిటీల మున్సిపల్ ఆఫీసుల మనం చెప్పాలె. 21 దాటి 30 రోజుల లోపు అయితే లేట్ ఫీజుతోని అయిపోతది, నెల దాటితే పై ఆఫీసర్ పర్మిషన్ కావాలె, ఏడాది దాటిందంటే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాకా పోవాలె, 2023ల చట్టం మార్చినంక ఈ ఆర్డర్ కలెక్టరో ఆర్డీవోనో వాళ్లు పవర్ ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో ఇస్తరు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి, ఆధార్, పాస్‌పోర్టు అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే, అందుకని తర్వాత చూద్దాం అనుకోవద్దు.

ఒక మాట, పేరు ఏం పెట్టాల్నో తేలలేదని రిజిస్ట్రేషన్ ఆపకండి. పేరు లేకుండనే పుట్టుక ఎక్కించొచ్చు, 12 నెలల లోపు పేరు ఫ్రీగా రాయించుకోవచ్చు, ఆ తర్వాత కూడ ఫీజు కట్టి 15 ఏండ్ల దాకా రాయించే వీలుంటది. ఇంట్ల అత్త ఒక పేరు మేనమామ ఒక పేరు అని కొట్లాడుకుంటున్నా సరే, పుట్టిన తేదీ అయితే టైంకు ఎక్కాలె.

ఇగ అందరు ఆగేది ఫారంల తండ్రి పేరు రాసే కాలం (గడి) దగ్గర. ఇద్దరు ఒప్పుకొని కలిసి ఉంటున్నరు, పెండ్లి మాత్రం చేస్కోలేదు అంటే, ఇద్దరు ఆధార్‌లు పట్టుకొని పోయి మేమే తల్లిదండ్రులం అని ఇద్దరూ సంతకం పెట్టి రాసిస్తే తండ్రి పేరు ఎక్కుతది. ఆయన రానన్నడు, లేకపోతే నీకే ఆయన పేరు వద్దు అనుకుంటే ఆ కాలం ఖాళీగా వదలమని అడుగు. 2015ల సుప్రీంకోర్టు ఏబీసీ కేసుల ఇదే తేల్చింది, సింగిల్ పేరెంటో పెండ్లి కాని తల్లో బర్త్ సర్టిఫికెట్ అడిగితే ఒక అఫిడవిట్ తీస్కొని ఇయ్యాలె తప్ప తండ్రి ఎవరని పట్టుపట్టొద్దని. 2023 సవరణల కూడ పెండ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ వివరాలు ఆ తల్లే చెప్పొచ్చని రాసిన్రు. కౌంటర్ల కూసున్నాయన "గట్ల కుదరదమ్మా, మొగని పేరు చెప్పు" అంటే సిగ్గుపడి వెనక్కి రావొద్దు, గదే మాట కాగితం మీద రాసియ్యమని అడుగు, చాలాసార్లు అక్కడికే పని అయితది.

అఫిడవిట్ల పెద్ద కథ అక్కర్లేదు. "నేను ఫలానా, వయసు ఇంత, ఫలానా ఊరు. ఫలానా తేదీన ఫలానా దవాఖానల నాకు ఆడపిల్ల పుట్టింది. నేను సింగిల్ పేరెంట్‌ని, బిడ్డను నేనే పెంచుతున్న, తండ్రి వివరాలు ఖాళీగా ఉంచి సర్టిఫికెట్ ఇయ్యగలరు" అని నాలుగు లైన్లు రాసి నోటరీ చేయిస్తే చాలు. ఎవరు మోసం చేసిండు, ఎప్పుడు కలిసిన్రు అనేది ఇందుల రాయొద్దు, అది వేరే కేసుల సంగతి.

పరువు కోసం చేసే పని ఒకటి ఉన్నది, దయచేసి అది చెయ్యకండి. దవాఖానల అడిగిన గాబరాకు తండ్రి కాలంల తాత పేరో, మేనమామ పేరో, అసలు లేని మనిషి పేరో రాయిస్తరు. అప్పటికి గండం గడిచినట్టే ఉంటది. రేపు అసలు తండ్రి మీద ఖర్చుల కేసు వేసిన రోజు ఆయన లాయర్ మొట్టమొదలు తీసి చూపెట్టేది ఆ సర్టిఫికెట్టే, "తండ్రి వేరే ఉన్నడు అని మీరే రాయించిన్రు గదా" అంటడు. ఖాళీ కాలం మీద ఎవ్వడూ ఏం అడగలేడు, తప్పుడు పేరుకు మాత్రం ఏండ్ల తరబడి జవాబు చెప్పాలె. దాన్ని దిద్దించుకోవడం కొత్తగా రాయించుకున్నంత అల్కగా ఉండదు.

ఇంటిపేరు సంగతికొస్తే, తండ్రిదే పెట్టాలని ఏ చట్టంల లేదు. హిందువులకు 1956 గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం పెండ్లి కాకుండ పుట్టిన బిడ్డకు మొదటి గార్డియన్ తల్లి, ఆమె తర్వాతనే తండ్రి. 2022ల ఆకెళ్ళ లలిత కేసు అని సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉన్నది, మన తెలుగోళ్లదే, అది మొగడు చనిపోయి మళ్ల పెండ్లి చేస్కున్న తల్లి కేసు అనుకోండి, కానీ గార్డియన్‌గ ఉన్న తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉన్నదని అందుల సాఫ్‌గ చెప్పిన్రు. నన్ను అడిగితే, మనిషి నిలబడతడో లేదో తెల్వనప్పుడు తల్లి ఇంటిపేరే పెట్టుకోండి. బ్యాంకుల, బడిల, బస్ పాసుల తల్లి బిడ్డల ఇంటిపేరు ఒక్కటే ఉంటే సగం ప్రశ్నలు అసలు రావు. రేపు ఆయన మనసు మారి వచ్చి ఇద్దరు రాజీ అయితే పేరు మార్చుకునే దారి ఉండనే ఉంటది. ఏది పెట్టినా స్పెల్లింగ్ మాత్రం బర్త్ సర్టిఫికెట్ల ఎట్లుందో ఆధార్ల అట్లనే ఉండాలె. పాన్ కార్డుకు 2018 డిసెంబర్ నుంచి సింగిల్ మదర్ ఉన్నోళ్లకు తండ్రి పేరు తప్పనిసరి కాదు, పాస్‌పోర్టుకు కూడ ఒక్క పేరెంట్ పేరు సరిపోతది.

ఇప్పుడు పైసలు. పాత సీఆర్‌పీసీల (క్రిమినల్ కోర్టుల పద్ధతి చెప్పే చట్టం) పోషణ ఖర్చులకు 125 సెక్షన్ ఉండె, 2024 జులై 1 నుంచి దాని జాగల వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌ల (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) అది 144 సెక్షన్ అయింది. అందుల పెండ్లితోని పుట్టినా పెండ్లి లేకుండ పుట్టినా బిడ్డ బిడ్డే, తండ్రి స్తోమత ఉండి పోషించకపోతే నెల నెలా ఇంత ఇయ్యమని కోర్టు ఆర్డర్ వేస్తది. హిందూ ముస్లిం క్రిస్టియన్ అని తేడా లేదు. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అక్కడ, లేని చోట ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టుల వెయ్యాలె, ఆయన ఉంటున్న ఊర్ల అయినా మీరిద్దరు ఆఖరుగ కలిసి ఉన్న ఊర్ల అయినా నడుస్తది. కాజీపేటల కిరాయికి కలిసి ఉండి ఆయన భూపాలపల్లికి పారిపోతే నువ్వు అంత దూరం తిరిగే పని లేదు.

పిటిషన్ బిడ్డ పేరు మీద ఉండాలె, తల్లి గార్డియన్‌గ సంతకం పెడ్తది. ఇది ఎందుకు చెప్తున్ననంటే చాలామంది తల్లికీ బిడ్డకూ కలిపి ఒకటే పిటిషన్ వేస్తరు, అవతలోళ్లు "ఆమె భార్యే కాదు" అని అక్కడనే ఆపి టైం తింటరు. బిడ్డ హక్కుకు ఆ వాదన అంటదు. తల్లికి తన కోసం కావాలంటే, కొన్నేండ్లు భార్యాభర్తల లెక్క ఒక ఇంట్ల ఉన్నట్టయితే 2005 గృహహింస చట్టం కింద వేరే అడగొచ్చు.

పంచాయితీల రాసిన బాండు పేపర్ సంగతి కూడ ఇక్కడే. "ఇంత ముట్టింది, ఇగ ఏ హక్కూ లేదు" అని తల్లి సంతకం పెట్టినా బిడ్డ పోషణ హక్కును తల్లి రాసిచ్చుడు చెల్లదు. నిజంగ ముట్టిన పైసలు ఎంతనో కోర్టుకు దాచకుండ చెప్పండి, లెక్కల పట్టుకుంటరేమో గాని కేసు మాత్రం ఆగదు. పైగ ఆ కాగితంల పోరని సంతకం ఉంటే ఇంకా మంచిదే, సంబంధం లేనోడు పైసలెందుకు ఇస్తడు? చింపేయకుండ దాచిపెట్టండి.

రుజువులు అంటే ఇసొంటివే. దవాఖాన కేసు షీటుల అటెండర్‌గ ఆయన పెట్టిన సంతకం, ఫోన్‌పేల పంపిన పైసలు, వాట్సాప్ మెసేజ్‌లు, కిరాయి ఇంటి ఓనర్ మాట, సీమంతం ఫోటోలు. ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ కొట్టకండి, ఎందుకంటే స్క్రీన్‌షాట్ ప్రింట్లతోని పాటు సాక్ష్య చట్టం ప్రకారం ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలె, ఒరిజినల్ ఫోన్ చేతిల ఉంటే ఆ పని సులువు. ఆయన ఇంకా "నా బిడ్డ కాదు" అంటే డీఎన్ఏ టెస్టు కోరుతూ పిటిషన్ వెయ్యొచ్చు. అడిగిన ప్రతిసారి కోర్టు ఇయ్యదు, అవసరం అనుకుంటే ఇస్తది, ఆర్డర్ అయినంక ఆయన రక్తం ఇయ్యనంటే దాన్ని ఆయనకే వ్యతిరేకంగ తీస్కోవచ్చు. తల్లికి అప్పటికే వేరే మనిషితోని పెండ్లయి ఉంటే మాత్రం చట్టం ముందుగాల ఆ భర్తనే తండ్రి అనుకుంటది, ఆ కేసు లాయర్‌తోని కూసొని మాట్లాడాల్సిందే.

ఎంత అడగాలె అంటే, ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పాల డబ్బా, డైపర్లు, టీకాలకు పోయి వచ్చిన ఆటో, జ్వరం మందులు, నువ్వు పనికి పోతే బిడ్డను చూస్కునేటామెకు ఇచ్చేది, కిరాయిల బిడ్డ వాటా, అన్నీ తారీఖుతోని రాసి బిల్లులు పిన్ కొట్టండి. ఒకప్పుడు నెలకు 500 మించి ఇయ్యొద్దని చట్టంల ఉండె, 2001ల ఆ లిమిట్ తీసేసిన్రు. 2020ల రజనీష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం ఆస్తులు అప్పుల అఫిడవిట్ వెయ్యాలె, పోషణ కూడ పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క కట్టాలె. ఆయన సింగరేణిలనో రైల్వేలనో ఉద్యోగం అయితే జీతం లెక్క దాచలేడు. సొంత దుకాణం, ఎవుసం అయితేనే కష్టం, పట్టా పాస్‌బుక్ వివరాలు, బండి నంబర్, దుకాణం బోర్డు ఫోటో ముందే సంపాయించి పెట్టుకోండి. కేసు తేలేదాకా ఆగలేమంటే మధ్యంతర పోషణ అడగండి, నోటీసు అందిన 60 రోజుల్ల అది తేల్చాలని చట్టంలనే ఉన్నది, అనుకున్నట్టు ప్రతిసారి కాదు గాని అడగకపోతే అసలే రాదు.

లాయర్ ఫీజుకు భయపడొద్దు. ఆడోళ్లకు, పిల్లలకు ఆదాయం ఎంత అని చూడకుండ ఫ్రీగ లాయర్‌ను ఇస్తరు, జిల్లా కోర్టుల లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుకు పోవాలె లేదా 15100కు ఫోన్ చెయ్యాలె. కొట్టుడు, బెదిరించుడు ఉంటే ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181. తల్లికే 18 నిండకపోతే ఇది పంచాయితీ విషయం అసలే కాదు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కిందికి వస్తది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చెప్పండి.

ఆస్తి గురించి అందరు అడుగుతరు కాబట్టి రెండు మాటలు. తల్లి ఆస్తిల బిడ్డకు పూర్తి హక్కు. మొదటి భార్య ఉండంగనే గుళ్లె తాళి కట్టిన కేసులల్ల, అంటే పెండ్లి జరిగింది కానీ చెల్లదు, అట్ల పుట్టిన పిల్లలకు తండ్రి వాటాల భాగం ఉన్నదని 2023 సెప్టెంబర్ల సుప్రీంకోర్టు చెప్పింది. అసలు పెండ్లే జరగకపోతే అంత సులువు కాదు, మనిషి మంచోడై ఉంటే వీలునామా రాయించుకోండి.

ఆర్డర్ వచ్చినంక కూడ కట్టకపోతే అదే కోర్టుల మళ్ల అర్జీ పెట్టాలె. బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాది లోపే పెట్టాలె, ఇది చాలామంది పోగొట్టుకుంటరు, "ఇస్తడులే" అని రెండేండ్లు ఆగి వస్తరు. జీతం అటాచ్ చెయ్యొచ్చు, ఆస్తి మీద వసూలు చెయ్యొచ్చు, కట్టని ఒక్కో నెలకు నెల దాకా జైలు కూడ వెయ్యొచ్చు, జైలుకు పోయొచ్చినా బాకీ మాఫీ కాదు. బిడ్డ బడికి పోయే టైంకు ఫీజు పెరిగితే పాత ఆర్డర్ మీద పెంచమని బీఎన్ఎస్ఎస్ 146 సెక్షన్ కింద అడగొచ్చు, దానికి బడి ఫీజు రసీదు, ఆయన ఇప్పటి జీతం కాగితం పట్టుకొని పోండి.