లిట్టర్ ట్రే చదవడం – 3వ పాఠం: ఉండల లెక్క

పిల్లి మూత్రానికీ దొడ్డికీ వాడే ట్రేలో బెంటొనైట్ లిట్టర్ (తడి తగిలితే ఉండ కట్టే బంకమట్టి పలుకులు) రెండంగుళాల మందాన పోసి, రోజూ ఒకే వేళకు జల్లించడం కిందటి పాఠంలో అయింది. ఈసారి జల్లెడలో మిగిలినదాన్ని చూద్దాం. మామూలు ఇసుక పోసేవాళ్లకు ఈ పాఠం సగమే పనికొస్తుంది. ఇసుకలో ఉండ సరిగా కట్టదు, కట్టినా తీయబోతే విరిగిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి సాధారణంగా రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు మూత్రం పోస్తుంది, ఒకసారి దొడ్డికి వెళ్తుంది. ఈ లెక్క కన్నా మీ పిల్లి సొంత లెక్క ముఖ్యం. వారం రోజులు క్యాలెండర్ గడిలో ‘మూ 3, దొ 1’ అని రాయండి. ఉండ నిమ్మకాయంత ఉందా, కోడిగుడ్డంత ఉందా అన్నదీ పక్కనే రాయండి. ఇంట్లో రెండు పిల్లులుంటే ఏది ఎవరిదో తేలదు. ఒకదాన్ని ఒక రోజు వేరే గదిలో, వేరే ట్రేతో ఉంచాల్సిందే.

అన్నిటికన్నా భయపడాల్సింది శనగగింజలంత ఉండలకు. పిల్లి పదేపదే ట్రే ఎక్కుతుంది, గొంతుక్కూర్చుని ముక్కుతుంది, చుక్కో రెండు చుక్కలో పడతాయి. చూసినవాళ్లు మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తారు. అక్కడే విలువైన పూట పోతుంది. ఆడపిల్లికైతే ఇది చాలావరకు మూత్రాశయం వాపు. ఆ రోజో మర్నాడో చూపించాలి. గండుపిల్లి సంగతి వేరు. దాని మూత్రనాళం చివర బాగా సన్నం. స్ఫటికాలూ జిగురూ కలిసి బిరడాలా పట్టేస్తే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రైనా తెల్లారేదాకా ఆగొద్దు. పొట్ట నొక్కి చూడొద్దు, నిండిన మూత్రాశయం పగిలే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ వేయొద్దు, అది పిల్లికి విషం. బయల్దేరే ముందు ఫోన్ చేసి, ‘గండుపిల్లికి మూత్రం బంద్ అయింది, క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేస్తారా?’ అని సూటిగా అడగండి. అన్నిచోట్లా వేయరు.

ఉండలు పెద్దవైతే అంత హడావుడి లేదుగానీ వదిలేయొద్దు. ఉదయం గిన్నెలో కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలవండి. రోజుకు కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే, అంటే నాలుగు కిలోల పిల్లి 200 దాటితే, ఆ వారంలోనే రక్తపరీక్ష చేయించండి. షుగరో కిడ్నీయో, వయసు మళ్లిందైతే థైరాయిడో బయటపడవచ్చు. ఈలోగా నీళ్లు మాత్రం తగ్గించొద్దు.

గోడకు తోక ఎత్తి నిలబడి చిమ్మితే అది హద్దు గుర్తు పెట్టడం. ట్రే వాడే పిల్లి ఉన్నట్టుండి బాత్రూం గచ్చు మీద కూర్చుని పోస్తే మాత్రం నొప్పేమోనని అనుమానించాలి. దొడ్డికి రెండు రోజులు రాకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

వచ్చే పాఠం: ఇంట్లో మూత్రం శాంపిల్ పట్టడం. దానికోసం మూత ఉన్న శుభ్రమైన చిన్న సీసా, సూది లేని సిరంజి తెచ్చిపెట్టుకోండి.