ఇంజన్ ఆపితే పడే గేరు, స్టార్ట్ చేస్తే పడలేదు

సూర్యాపేటలో టీ తాగి మళ్లీ బండెక్కితే ఫస్ట్ గేరు పడనే లేదు. రివర్స్ వేయబోతే కర్రుమని గోల. అక్కడున్న మెకానిక్ బానెట్ ఎత్తకుండానే "గేర్‌బాక్స్ దించాలి సార్" అన్నాడు. గుండె జారింది.

ఇంజన్ ఆపి చూశాను. అయిదు గేర్లూ వెన్నలా పడ్డాయి. అంటే గొడవ గేర్‌బాక్స్‌ది కాదు, పెడల్ తొక్కినా క్లచ్ ఇంజన్‌ను గేర్‌బాక్స్ నుంచి విడదీయడం లేదు. పెడల్ మెత్తగా నేలకంటుతోంది, నాలుగైదుసార్లు గబగబా తొక్కితే మాత్రం గేరు పడుతోంది. మాది కేబుల్ కాదు, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్. బ్రేకుకీ దీనికీ ఆయిల్ డబ్బా ఒకటే. మట్టం బాగా దిగిపోయింది. టార్చి వేసి గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను నెట్టే భాగం) రబ్బరు బూటు అంచు లాగగానే నల్లటి ఆయిల్ వేళ్ల మీదికి కారింది. దొంగ దొరికాడు!

ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ల కిట్ చవకే. కానీ సిలిండర్ లోపల గోరుకు తగిలే గీతలున్నాయి, కొత్త సీలు వేసినా నిలవదు. సిలిండరే మార్చాను. రెండు బోల్టులు, ఒక పైపు, అంతే.

అసలు ఓపిక పైపు విప్పినప్పుడు లోపల చేరిన గాలి తీయడానికి కావాలి. మా బావమరిది పెడల్ తొక్కి పట్టుకుంటే నేను సిలిండర్ మీది నిపుల్ (గాలి బయటికి పోయే చిన్న మర) కాస్త విప్పి, బిగించాక "వదులు" అనేవాణ్ణి. ఒకసారి తొందరపడి ముందే పెడల్ వదిలేశాడు, గాలి మళ్లీ లోపలికి! మధ్యమధ్యలో డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోస్తూ ఇరవైసార్లు చేశాక బుడగలు ఆగాయి, పెడల్ గట్టిపడింది. ఒలికిన ఆయిల్ వెంటనే నీళ్లతో కడగండి, పెయింటు తినేస్తుంది. మా ఫెండరు మీద మచ్చ ఇంకా ఉంది.