క్లాసిక్ ఇంగ్లిష్ నవల చదువుతూ మాటలు నేర్చుకోవడం ఎలా

మా గుంటూరులో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు ఎక్కువమంది ఎంపీసీ, బైపీసీల్లోనే ఉంటారు, వాళ్లకి ఇంగ్లిష్ అంటే పరీక్ష ముందు రోజు సాయంత్రం తిరగేసే సబ్జెక్టు. ఐఎస్‌సీలోనో కేంబ్రిడ్జ్ సిలబస్‌లోనో లిటరేచర్ తీసుకున్న కొద్దిమంది కూడా నవల చేతికి రాగానే తమకు అలవాటైన పద్ధతిలోనే దిగుతారు. ఒకపక్క నెట్‌లో సమ్మరీ చదివేయడం, ఇంకోపక్క వెయ్యి మాటల లిస్టు పెట్టుకుని బట్టీ పట్టడం. ఈ రెండూ పక్కన పెట్టేయండి. ఈ వయసు పిల్లలకి ఇంగ్లిష్ చెప్పే మనిషిగా నేను గట్టిగా నమ్మేది ఒకటే: మాటని నవల్లోంచి పీకి విడిగా నేర్చుకుంటే ఆ మాటా నిలవదు, నవలా అర్థం కాదు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ పరిస్థితిలో అన్నారు, ఇవన్నీ కలిపి పట్టుకోవాలి.

ఉదాహరణకి డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ తీసుకుంటాను. మీ సిలబస్‌లో వేరే నవల ఉన్నా పద్ధతి మారదు.

ముందు సరైన పుస్తకం సంపాదించండి. విజయవాడ వెళ్తే లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో, ఏలూరు రోడ్డు మీద పుస్తకాల షాపుల్లో, జనవరిలో అయితే పుస్తక మహోత్సవంలో క్లాసిక్స్ దొరుకుతాయి. కానీ కొనే ముందు లోపలి పేజీ చూడండి, అబ్రిడ్జ్‌డ్ అనో రీటోల్డ్ అనో ఉంటే అది కథ మాత్రమే, డికెన్స్ భాష కాదు, మీ క్లాసుకి పనికిరాదు. ఈ నవలలో మొత్తం 59 అధ్యాయాలుంటాయి. కొన్ని ఎడిషన్లలో మూడు భాగాలు చేసి 19, 20, 20 అని విడివిడిగా నంబర్లు వేస్తారు, కంగారు పడకండి, లెక్క అదే. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ సైట్‌లో పూర్తి పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. అయినా నా మాట వింటే కాగితం పుస్తకమే కొనుక్కోండి, వెనక నోట్స్ ఉన్న ఎడిషన్ అయితే మరీ మంచిది, ఎందుకంటే ఇక్కడ పనంతా పెన్సిల్‌తోనే.

ఈ నవల 1860 డిసెంబర్ నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ సొంత వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మన అమ్మమ్మలు వారపత్రికల్లో సీరియల్ కోసం ఎదురుచూసినట్టే అక్కడి జనమూ ఎదురుచూశారు. ఈ సంగతి మీకు నేరుగా పనికొస్తుంది. వారం వారం పాఠకుణ్ణి నిలబెట్టుకోవాలి కాబట్టి ఆయన చాలా అధ్యాయాల్ని మంచి బిగువు మీద ఆపాడు, మీరూ అక్కడే ఆపండి. రోజుకి రెండు అధ్యాయాలు చదివితే నెలలో పూర్తవుతుంది. పరీక్షల టెన్షన్‌లో ఉంటే ఒకటే చదవండి, కానీ ఆదివారం ఒక్కరోజే కూర్చుని పది అధ్యాయాలు లాగేద్దామనుకోకండి, మూడోది అయ్యేసరికి కళ్లు పేజీ మీద ఉంటాయి, బుర్ర ఇంకెక్కడో ఉంటుంది.

మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోవద్దు. తెలియని మాట వస్తే దాని కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ముందుకెళ్లిపోండి. మొదటి అధ్యాయంలోనే సమాధుల మధ్య ఒక ఖైదీ మన కథానాయకుడు చిన్న పిప్‌ని పట్టుకుని, ఆకురాయీ ‘విటిల్స్’ తెచ్చిపెట్టమని బెదిరిస్తాడు. మాటకి మాట వెతికే అలవాటున్నవాళ్లు ఇక్కడే ఆగిపోతారు, పుస్తకంలో ఆ మాట స్పెల్లింగ్ డబుల్యూతో ఉంటుంది, చాలా డిక్షనరీల్లో దొరకదు. అసలది తిండి అని చెప్పే పాత మాట, ఖైదీ యాస వినిపించడానికి డికెన్స్ అలా రాశాడు. ఆకలితో వణుకుతున్నవాడు తిండే కదా అడుగుతాడు, ఆ పేరా పైకి చదివితే చుట్టుపక్కల వాక్యాలే ఆ సంగతి చెప్పేస్తాయి. చుక్క పెట్టిన మాటల్లో సగం ఇలా వాటంతటవే విడిపోతాయి.

అధ్యాయం అయ్యాక వెనక్కొచ్చి చుక్కలు చూసుకుని ఐదు మాటలు ఎంచుకోండి. అంతకుమించి వద్దు. ఏ ఐదు అనేదే అసలు ప్రశ్న. పాత్ర స్వభావాన్ని పట్టిచ్చే మాట, రచయిత కావాలని పెద్దది వాడిన మాట, మళ్లీ మళ్లీ వచ్చే మాట, వీటికి మొదటి చోటు ఇవ్వండి. గుర్రబ్బండి భాగాల పేర్లు, బట్టల రకాలు అర్థం చూసి వదిలేయొచ్చు.

రెండో అధ్యాయంలో పిప్ అక్క కోపమొచ్చి పిప్‌ని ఎత్తి తన మొగుడు జో మీదకి విసురుతుంది. అక్కడ పిప్ తనని తాను ‘కనూబియల్ మిసైల్’ అంటాడు. కనూబియల్ అంటే దాంపత్యానికి సంబంధించినది, మిసైల్ అంటే విసిరే ఆయుధం. ఇప్పుడు ఆలోచించండి, ఏడేళ్ల కుర్రాడికి ఇంత మాట ఎక్కడిది? ఇది ఆ కుర్రాడి మాట కాదు, పెద్దయ్యాక ఈ కథ చెప్తున్న పిప్‌ది. దెబ్బలు తిన్నది చిన్నవాడు, దాన్ని ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నది పెద్దవాడు, ఆ ఒక్క బరువైన మాటలో ఇద్దరూ కనబడతారు. నోట్‌బుక్‌లో ఇదే రాసుకోవాలి. మాట, అది వచ్చిన వాక్యం పూర్తిగా, అధ్యాయం నంబరు, ఎవరి గొంతు, దాని కింద మీ సొంత తెలుగులో ఒక లైను: ‘అక్కాబావల గొడవలో తను ఒక ఆయుధం అని పెద్ద పిప్ నవ్వుకుంటున్నాడు’. డిక్షనరీ అర్థం ఒక్కటే రాసి వదిలేస్తే పరీక్ష అయిపోయిన మర్నాటికి అది మీ దగ్గర ఉండదు.

ఇక ఒక మాటని పట్టుకుని నవల పొడుగునా వెంటాడటం. నేను చెప్పే వాటన్నిటిలో దీని మీదే ఎక్కువ టైం పెట్టమంటాను. ఎనిమిదో అధ్యాయంలో పిప్ మొదటిసారి మిస్ హావిషమ్ అనే ధనవంతురాలి ఇంటికెళ్లి అక్కడి అమ్మాయి ఎస్టెల్లాతో పేకాడతాడు. మనం జాకీ అనే ముక్కని పిప్ జాక్ అంటాడు, గొప్పింటివాళ్లు నేవ్ అంటారు. వీడు నేవ్స్‌ని జాక్స్ అంటున్నాడని ఎస్టెల్లా ఎగతాళి చేస్తుంది, ఆ వెంటనే వీడి చేతులు ఎంత ‘కోర్స్’గా ఉన్నాయో, బూట్లు ఎంత మందంగా ఉన్నాయో అంటుంది. కోర్స్ అంటే మొరటు, గరుకు. అంతవరకూ తన చేతుల గురించి సిగ్గుపడాలన్న ఆలోచనే ఆ పిల్లాడికి రాలేదు. ఇంటికి నడుస్తూ అవే మాటలు తలుచుకుంటాడు, వాటికి ‘కామన్’, అంటే తక్కువ స్థాయి, అన్న మాట కూడా చేరుతుంది, తొమ్మిదో అధ్యాయంలో జో దగ్గర తను కామన్ అని చెప్పుకుని బాధపడతాడు. కొత్త స్కూల్లో చేరిన రోజు మన ఉచ్చారణ విని ఎవరో నవ్వితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఈ చోటు విడమర్చి చెప్పక్కర్లేదు. కోర్స్, కామన్, జెంటిల్‌మన్, ఈ మూడూ ఎక్కడ కనబడినా మార్జిన్‌లో గీత పెట్టి, పేజీ నంబర్లు పుస్తకం చివరి ఖాళీ పేజీలో రాసుకోండి. నవల అయ్యేసరికి ఆ పేజీయే మీ వ్యాసానికి సగం సామగ్రి.

పిలుపులు కూడా అలాగే చూడండి. 27వ అధ్యాయంలో జో లండన్ వస్తాడు. అప్పటికి పిప్ డబ్బున్న పెద్దమనిషి, జో మాత్రం అదే కమ్మరి. నోరారా ‘పిప్’ అని పిలిచే బావ కాసేపు అలా, కాసేపు ‘సర్’ అని తడబడతాడు. చిన్నప్పటి నుంచి ‘ఒరేయ్’ అన్న బావ, బామ్మర్దికి పెద్ద ఉద్యోగం వచ్చాక ఒక్కసారిగా ‘మీరు’ అన్నట్టు ఉంటుంది అక్కడ. ఇంగ్లిష్‌లో ఇప్పుడు నువ్వూ మీరూ అన్న తేడా లేదు కాబట్టి ఆ దూరం ఇలాంటి పిలుపుల్లోనే వినబడుతుంది, దాన్ని పట్టుకోవడంలో మన పిల్లల చెవి చాలా చురుకు. వాడుకోండి దాన్ని.

తెలుగు వ్యాకరణం నుంచి ఇంకో సాయం ఉంది, ఉపసర్గలు. అప, దుర్, సు, పరి అంటూ చిన్నప్పుడు నేర్చుకున్నవే. లాటిన్ నుంచి వచ్చిన ఇంగ్లిష్ మాటలూ చాలావరకు ఇలాగే తయారయ్యాయి. ‘బెనె’ అంటే మంచి, ‘మాల్’ అంటే చెడు, ‘సర్కమ్’ అంటే చుట్టూ. బెనిఫాక్టర్ అంటే మంచి చేసినవాడు, ఉపకారి. పిప్‌కి డబ్బు పంపే ఆ బెనిఫాక్టర్ ఎవరన్నదే ఈ కథకి కీలకం, అదెవరో నేను చెప్పను, సమ్మరీలు ముందే చదవొద్దనడానికి అదొక్క కారణం చాలు. ఇలా విడగొట్టి అర్థం ఊహించాక డిక్షనరీలో సరిచూసుకోవడం మాత్రం మానకండి, ఊహ కొన్నిసార్లు పక్కదారి పడుతుంది.

పాత నవలల్లో అసలు ప్రమాదం తెలియని మాటలతో కాదు, తెలుసనుకున్న మాటలతో. 1813 నాటి జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో మిస్టర్ కాలిన్స్ తన యజమానురాలు లేడీ కాథరిన్ ‘కండిసెన్షన్’ని తెగ మెచ్చుకుంటాడు. ఈ రోజుల్లో ఆ మాట తిట్టు, ఎదుటివాళ్లని తక్కువ చేసి మాట్లాడటం. ఆ కాలంలో పెద్దవాళ్లు దిగివచ్చి చిన్నవాళ్లతో మర్యాదగా మాట్లాడటం అన్న మంచి అర్థంలో వాడేవాళ్లు. ఇవాళ్టి అర్థం పెట్టుకుని చదివితే కాలిన్స్ ఎందుకంత పొంగిపోతున్నాడో అంతుబట్టదు. అనుమానం వస్తే వెనక నోట్స్ చూడండి, పాత అర్థాలు కూడా ఇచ్చే పెద్ద డిక్షనరీ చూడండి. సి.పి. బ్రౌన్ ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు 1852లో వచ్చింది, అంటే డికెన్స్ నవల కంటే ఎనిమిదేళ్లు ముందు. ఆ కాలపు ఇంగ్లిష్ మాటకి ఆ కాలపు తెలుగు చూడటం నాకు ఎంతో ఇష్టం, అప్పుడప్పుడు పని కూడా జరుగుతుంది.

పొడుగు వాక్యాలకి భయపడే పిల్లలకి ఒక మాట. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో అది కర్త వెంటనే వచ్చేసి మిగతాదంతా వెనకాల వేలాడుతుంది. అందుకే ముందు కర్తనీ అసలు క్రియనీ పట్టుకుని గీత గీయండి, సెమీకోలన్ దగ్గర అడ్డగీత పెట్టండి, ముక్కలు ఒక్కొక్కటే చదవండి.

గుంటూరు, విజయవాడల మధ్య బస్సులో రోజూ తిరిగేవాళ్లు చదివేసిన అధ్యాయాన్నే ఆ దారిలో వినండి, లిబ్రివాక్స్‌లో ఆడియో ఉచితం. చదవకుండా వినడం మాత్రం మొదలుపెట్టకండి.

జవాబు రాసేటప్పుడు కథ చెప్పొద్దు, దిద్దేవాళ్లకి కథ తెలుసు. ఒక అభిప్రాయం చెప్పండి, దానికి నవల్లోంచి మూడు నాలుగు మాటలు మించకుండా తీసుకోండి, ఆ మాటే ఎందుకు పడిందో వివరించండి. ‘పిప్ సిగ్గుపడ్డాడు’ అని రాసి ఆపకుండా, ఆ సిగ్గుకి ఎస్టెల్లా కోర్స్ అన్న మాట ఇచ్చిందని, అంతకుముందు ఆ చేతుల్ని చూసుకోవడానికి పిప్ దగ్గర ఆ మాటే లేదని రాస్తే మీ పేరా నిలబడుతుంది. నోట్‌బుక్‌లో ఎవరి గొంతు అని రాసుకున్న లైనుకి ఇక్కడే పని పడుతుంది.

నవల పూర్తయ్యాక ఒక పని మిగిలి ఉంటుంది. డికెన్స్ మొదట వేరే ముగింపు రాసి, స్నేహితుడు బుల్వర్ లిటన్ సలహా మీద దాన్ని మార్చాడు. నోట్స్ ఉన్న ఎడిషన్లలో చాలావాటికి వెనక ఆ మొదటి ముగింపు కూడా ఉంటుంది. రెండూ చదివి, పిప్ గురించి మీరు గీతలు పెట్టుకున్న మాటల పేజీ ముందు పెట్టుకుని, ఏది ఈ కథకి తగిన ముగింపో ఒక పేజీలో రాసి క్లాసుకి తీసుకెళ్లండి. టీచర్ ఒప్పుకోకపోతే వాదించండి, పేజీ నంబరు చూపించి వాదించండి.