పెద్ద స్మార్ట్ టీవీ కోసం విజయవాడ బందరు రోడ్డుకు వెళ్లేముందు

షోరూంలోకి అడుగు పెట్టగానే గోడంతా టీవీలే. అన్నిట్లోనూ అదే నెమలి, అదే జలపాతం, కళ్లు చెదిరే రంగులు. అక్కడ నిలబడి ఆలోచించడం మొదలుపెడితే బడ్జెట్ చెయ్యి దాటిపోతుంది. అందుకే సగం పని ఇంట్లోనే ముగించుకుని వెళ్లాలి.

ముందు టేపు తీయండి. రోజూ కూర్చునే చోట కూర్చుని, కళ్ల దగ్గర్నుంచి గోడ దాకా కొలవండి. టీవీ సైజు అంటే తెర ఐమూల కొలత. 4కె టీవీకి, అంటే హెచ్‌డీ కన్నా స్పష్టంగా చూపే తెరకు, ఆ కొలతకు ఒకటిన్నర రెట్ల దూరం ఉంటే చూడటానికి హాయి. అంటే 43 అంగుళాలకు సుమారు ఐదున్నర అడుగులు, 55కు ఏడు, 65కు ఎనిమిదికి కాస్త పైన. ఏడెనిమిది అడుగుల దూరం దొరికే హాలుకు 55 చక్కగా సరిపోతుంది. ఆ టీవీ వెడల్పు నాలుగు అడుగులు, ఎత్తు రెండుంపావు అడుగులు. ఆ కొలతకు పాత న్యూస్‌పేపర్లు అతికించి గోడకు అంటించండి, రెండు రోజులు అలాగే ఉంచండి. షోరూంలో చిన్నగా కనిపించిన టీవీ ఇంటికొచ్చాక ఎంత పెద్దదో అప్పుడు అర్థమవుతుంది.

కిటికీలు కూడా చూడండి. గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి వాళ్ల హాల్లో టీవీకి ఎదురుగా పడమటి కిటికీ. సాయంత్రం నాలుగైతే తెర మీద బొమ్మ బదులు కిటికీయే కనిపించేది. ఎక్కువ వెలుతురున్న టీవీకి మరో పదివేలు పెట్టేకన్నా ఉన్న టీవీనే వేరే గోడకు మార్చమన్నాను. మార్చాక ఇబ్బంది తీరిపోయింది.

ఆ తర్వాత మీ ఇంట్లో ఏం చూస్తారో నిజాయితీగా రాసుకోండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కేబుల్‌లో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానల్‌కు నిలువున ఉండేది 576 గీతలు. 4కె తెరకు 2160 కావాలి. ఆ కొద్దిపాటి బొమ్మనే టీవీ సాగదీసి చూపిస్తుంది కాబట్టి పాత 32 అంగుళాల టీవీలో శుభ్రంగా కనిపించిన సీరియల్ 55లో మసకబారుతుంది. మా అమ్మ మొదటి వారమంతా టీవీ బాగాలేదనే అనుకుంది. తను చూసే నాలుగు ఛానళ్లకు కేబుల్ వాళ్లతో హెచ్‌డీ వేయించాక ఆ మాట మళ్లీ రాలేదు. ఏపీ ఫైబర్‌నెట్ అయినా, ప్రైవేటు నెట్ అయినా 4కె సినిమాకు 25 ఎంబీపీఎస్ వేగం ఉంటే నిశ్చింత. రౌటర్ దూరంగా ఉంటే టీవీ దాకా లాన్ కేబుల్ లాగించండి.

షాపులో చెప్పే పేర్లలో కొన్నిటికే విలువ ఉంది. క్యూఎల్ఈడీ అంటే కొత్త జాతి తెర కాదు, రంగుల కోసం అదనపు పొర వేసిన ఎల్‌సీడీయే. తక్కువ ధర టీవీల మీద కూడా హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపే పద్ధతి) అని రాసి ఉంటుంది, దానికి తగ్గ వెలుతురు మాత్రం తెరకు ఉండదు. నేనైతే ముందు ప్యానెల్, అంటే బొమ్మ చూపే తెర పలక, ఏ రకమని అడుగుతాను. వీఏ ప్యానెల్‌లో నలుపు నల్లగా ఉంటుంది, రాత్రి లైట్లార్పి సినిమా చూసేవాళ్లకు మంచిది. ఐపీఎస్ రకంలో పక్కనుంచి చూసినా రంగు అంతగా మారదు. హాల్లో నలుగురూ నాలుగు మూలల కూర్చునే ఇంటికి ఇదే నయం.

సాఫ్ట్‌వేర్ విషయంలో నా డబ్బు పోయింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నాలుగేళ్ల కిందట ధర చూసి ఒక టీవీ కొన్నాం. ఆండ్రాయిడ్ అన్నారు, కానీ గూగుల్ అనుమతి ఉన్న రకం కాదు. ఏడాది తిరిగేసరికి కొన్ని యాప్‌లు అప్‌డేట్ కాక ఆగిపోయాయి. టీవీని నడిపించే సాఫ్ట్‌వేర్ పేరు, గూగుల్ టీవీ, ఫైర్ టీవీ, వెబ్ఓఎస్, టైజెన్‌లలో ఏదో ఒకటి, పెట్టె మీద స్పష్టంగా ఉందో లేదో చూడండి. ర్యామ్ కనీసం 2 జీబీ, స్టోరేజ్ 16 జీబీ ఉంటే మెనూ నత్తనడక నడవదు.

ఇప్పుడు షోరూంకు వెళ్లండి. పెన్‌డ్రైవ్‌లో మీరు తీసిన పెళ్లి వీడియో ఒకటి, రాత్రి సన్నివేశం ఒకటి వేసుకెళ్లండి. డెమో ఆపించి, పిక్చర్ మోడ్‌ను వివిడ్ నుంచి స్టాండర్డ్‌కు మార్చమనండి. మనుషుల ముఖాల రంగు చూడండి. రిమోట్ మీరే తీసుకుని యాప్ తెరవండి. పక్కకు జరిగి చూడండి. సౌండ్ కూడా వినండి. పల్చటి టీవీల్లో మాటలు తేలిపోతాయి కాబట్టి తర్వాత సౌండ్‌బార్ పెట్టుకోవడానికి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పోర్టు ఉండాలి.

ధర మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. దాంతో 32కీ 43కీ మధ్య పన్ను తేడా పోయింది. దసరా, సంక్రాంతి ఆఫర్ల దాకా ఆగగలిగితే ఆగండి. పాత టీవీ ఎక్స్‌ఛేంజ్ లెక్క తీసేసి మొత్తం ధర ఎంతో వేరే కాగితం మీద రాయించుకుని, ఆన్‌లైన్ ధరతో పోల్చండి. కరెంటు ఎంత తింటుందో చెప్పే స్టార్ లేబుల్ కూడా చూడండి. 130 వాట్ల టీవీ రోజుకు ఐదు గంటలు నడిస్తే నెలకు దాదాపు 20 యూనిట్లు.

అన్నిటికన్నా ముఖ్యంగా, సర్వీస్ సెంటర్ విజయవాడలోనో గుంటూరులోనో ఉందా అని కంపెనీ నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ప్యానెల్ పోతే మార్చే ఖర్చు చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. వారంటీలో ప్యానెల్‌కు ఎన్నేళ్లో కార్డు మీద ఉన్నదే లెక్క, నోటి మాట కాదు.

టీవీ ఇంటికొచ్చాక పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీయండి. తెర మధ్యభాగం కూర్చున్నవాళ్ల కంటి ఎత్తుకు, నేల నుంచి సుమారు 40 అంగుళాలకు వచ్చేలా బిగించమనండి. పాత సున్నం గోడైతే బోల్టు పట్టు దొరకదు, స్టాండే మేలు. యూట్యూబ్‌లో ఒకే రంగు తెర పెట్టి చుక్కలు, మచ్చలు ఉన్నాయేమో వెతకండి. లోపం కనిపిస్తే రిటర్న్ గడువు లోపే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. షాపు పట్టించుకోకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ గడువు ముగిసేదాకా అట్టపెట్టె, థర్మాకోల్ అటక మీదే ఉండనివ్వండి.