చంద్రపూర్‌లో చలికాలం వాకింగ్‌కు బయల్దేరే ముందు

మహారాష్ట్రలో బొగ్గు గనులున్న చంద్రపూర్, బల్లార్‌పూర్ వైపు ఉండే మనవాళ్లు తెల్లారకముందే నడకకు వెళ్తుంటే ఇవి చూసుకోండి.

• ముందు సమీర్ యాప్ తెరవండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిది. గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 100 లోపుంటే పర్వాలేదు. 200 దాటితే ఆ రోజు ఇంట్లోనే. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు 100 దాటగానే ఆగడం మేలు.

• పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి దిగిపోయే సన్న ధూళి, దాని అంకె విడిగా చూడండి. మన దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15 మాత్రమే. అందుకే ‘పరిమితి లోపే ఉందిగా’ అని నేనైతే ధీమాగా ఉండను.

• చలికి పొగ, బొగ్గు దుమ్ము పైకి పోక నేలబారునే ఉంటాయి. ఎండెక్కాక వెళ్లండి. మా మేడ మీద రాత్రి ఆరేసిన తెల్ల చొక్కాకి పొద్దున దండెం మడత వెంట బూడిదరంగు గీత. అది చూశాకే ఐదింటి నడక మానేశాను.

• బొగ్గు లారీలు తిరిగే రోడ్డు వద్దు.

• దస్తీ కట్టుకుంటే సన్న ధూళి ఆగదు. ఎన్95 మాస్కే, అదీ ముక్కు దగ్గర బిగించి. ఇన్‌హేలర్ వాడేవాళ్లు జేబు తడుముకోండి.